వృద్ధాశ్రమం మీద తనిఖీ కోరాలంటే హైదరాబాద్‌లో ఎవరిని, ఎలా అడగాలి

హైదరాబాద్‌లో ఒక వృద్ధాశ్రమం బాగోగులు ఎవరి బాధ్యత అని అడిగితే ఒక్క కార్యాలయం పేరు చెప్పి ఊరుకోలేం. భవనం, మెట్లు, చెత్త, వంటగది కార్పొరేషన్ చూడాలి. లోపల ఉన్న మనుషుల సంక్షేమం కలెక్టరేట్‌లోని వయోవృద్ధుల విభాగం చూడాలి. తాగునీరు, మురుగు జలమండలివి. వైద్యం కూడా చేస్తామని బోర్డు పెడితే జిల్లా వైద్య ఆరోగ్య శాఖ పరిధిలోకి వస్తుంది. కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా పోలీసుల పని. ఇంతమందికి తలా కొంత వాటా ఉండటంతో, ఎవరో ఒకరు కాగితం మీద రాసి అడిగేదాకా ఎవరూ గేటు దాటి లోపలికి రాని ఆశ్రమాలు ఉన్నాయి.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మల్కాజిగిరిలో ఉంటాను. మా కాలనీ వయోవృద్ధుల సంఘం తరఫున చుట్టుపక్కల ఆశ్రమాలకు వెళ్లి వస్తుంటాను, అవసరమైతే అర్జీలు పెడుతుంటాను. కాలనీలో ఎవరైనా అమ్మనో నాన్ననో ఆశ్రమంలో చేర్చాలనుకుంటే ముందు నన్నే అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ ఇల్లు ఏ జిల్లాలో ఉందో తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఎక్కువ అర్జీలు తిరిగి వచ్చేది ఇక్కడే. నగరమంతా ఒకటే అనుకుంటాం గానీ అది నాలుగు జిల్లాల్లో పరుచుకుని ఉంది. మల్కాజిగిరి, కాప్రా, ఉప్పల్, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా. ఎల్బీనగర్, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లా. పటాన్‌చెరు, రామచంద్రాపురం సంగారెడ్డి జిల్లా. మిగిలిన పాత నగరం, సికింద్రాబాద్ హైదరాబాద్ జిల్లా. కాప్రాలోని ఆశ్రమం గురించి హైదరాబాద్ కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే దాన్ని పంపవలసింది శామీర్‌పేట దగ్గరున్న మేడ్చల్ కలెక్టరేట్‌కు. ఆ పంపడంలోనే నెల గడిచిపోతుంది.

తిరుమలగిరి, కార్ఖానా వైపు ఇంకో చిక్కు ఉంది. అక్కడ చాలా కాలనీలు కంటోన్మెంట్ బోర్డు కింద ఉంటాయి. భవనం గురించీ పారిశుద్ధ్యం గురించీ అడగవలసింది బోర్డునే, కార్పొరేషన్‌ను కాదు. కలెక్టరు మాత్రం జిల్లా కలెక్టరే.

2025 డిసెంబరులో చుట్టూ ఉన్న 27 పురపాలికలను గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌ (జీహెచ్‌ఎంసీ)లో కలిపినప్పటి నుంచి దమ్మాయిగూడ, నాగారం లాంటి చోట్ల వార్డుల పేర్లు, సర్కిళ్లు మారాయి. కాబట్టి పాత ఆస్తిపన్ను రసీదు మీద ఉన్న సర్కిల్ పేరు చూసి అర్జీ రాయకండి. దగ్గర్లోని వార్డు కార్యాలయానికి వెళ్లి, ఈ వీధి ఇప్పుడు ఏ కార్పొరేషన్, ఏ సర్కిల్ కిందికి వస్తుందో అడిగి రాసుకోండి. వార్డు కార్యాలయాలు 2023 జూన్‌లో మొదలయ్యాయి. పారిశుద్ధ్యం, టౌన్ ప్లానింగ్, ఇంజినీరింగ్ సిబ్బంది ఒకేచోట అందుబాటులో ఉండాలన్నది వాటి ఉద్దేశం.

కళ్లతో చూడకుండా ఏదీ రాయవద్దు

ఎవరో చెప్పారని రాసిన ఫిర్యాదు నిలబడదు. మీరే వెళ్లాలి. అయితే ప్రైవేటు ఆశ్రమంలోకి వెళ్లే హక్కు మనకేమీ లేదు. బంధువులుగా వెళ్లవచ్చు, చేర్చడానికి చూసుకునేవాళ్లుగా వెళ్లవచ్చు. మన ఊళ్లో ఇంకో దారి ఉంది: పుట్టినరోజుకో, పెద్దల తిథికో భోజనం పెట్టడానికి వెళ్లడం. ఆదివారాల్లో కొన్ని ఆశ్రమాల్లో ఒకే పూట రెండు మూడు కుటుంబాలు కేకులతో వస్తుంటాయి. చక్కెర జబ్బు ఉన్న ఎనభై ఏళ్ల మనిషికి రెండోసారి జిలేబీ పెట్టి ఫోటో దిగుతారు. ఆ డబ్బుతో పెద్దల డైపర్లు కొనిచ్చినా, ఫిజియోథెరపిస్టును నాలుగు వారాలు పంపినా ఎంతో మేలు. వెళ్లేది ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి చూడవలసినవి చూసి రండి. వీలైతే పని రోజున, ముందు చెప్పకుండా, ఉదయం పదిన్నర పదకొండు మధ్య వెళ్లండి.

ఆ వేళే ఎందుకంటే, అప్పటికి స్నానాలు, టిఫిన్లు అయిపోయి ఉండాలి. మనుషులు మెలకువగా ఉండాలి. పదకొండింటికి హాలు నిండా అందరూ మత్తుగా నిద్రపోతుంటే మందుల రిజిస్టరు అడగండి. నిద్రమాత్రలు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్న చీటీ ఉండాలి. సిబ్బంది తక్కువైనప్పుడు మాత్రలతో నిద్రపుచ్చడం జరుగుతుంది. నర్సుగా నేను దీన్ని తేలిగ్గా తీసుకోలేను. అలా మత్తులో ఉన్నవాళ్లే రాత్రి లేచి, తూలి, తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు.

మంచం పక్కన నీళ్ల గ్లాసు ఎక్కడుందో చూడండి. చెయ్యి చాపితే అందేచోట ఉందా, గోడ దగ్గరి బల్ల మీద ఉందా? నీళ్లు ఎక్కువ తాగితే డైపరు ఎక్కువసార్లు మార్చాలి, అందుకని తక్కువ ఇచ్చే చోట్లు ఉన్నాయి. పెద్దవయసువారిలో చర్మం గిల్లి చూస్తే ఒంట్లో నీరు తగ్గిందో లేదో తెలియదు, వాళ్ల చర్మం ఎలాగూ వదులుగా ఉంటుంది. నాలుక చూడండి. ఎండిపోయి, పగిలినట్టు ఉంటే నీళ్లు చాలడం లేదని అనుమానించాలి.

లేవలేని మనిషి ఉంటే, వాళ్ల అనుమతితో దుప్పటి కాస్త పక్కకు తీసి మడమలు చూడండి. పడక పుండు మొదట పుండులా కనిపించదు. ఎర్రగానో, నల్లటి చర్మం మీద ముదురు ఊదా రంగులోనో చిన్న మచ్చ వస్తుంది, వేలితో నొక్కి తీసినా ఆ రంగు పోదు. మడమలు, తుంటి, నడుము కింది ఎముక దగ్గర ముందుగా వస్తుంది. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. ‘రాత్రి ఎవరు తిప్పుతారమ్మా?’ అని ఆయాను నెమ్మదిగా అడగండి. ఇరవై మందికి రాత్రి ఒక్కరే ఉన్నారని ఆమె చెబితే ఇక లెక్క మీకే తెలుస్తుంది. ఆమెను మాత్రం తప్పుపట్టకండి. చాలీచాలని జీతానికి రాత్రంతా ఒంటరిగా అంతమందిని చూసే మనిషి ఆమె. అసలు సంగతులు ఎక్కువగా ఆమె నోటి నుంచే తెలుస్తాయి.

రాత్రి భోజనం ఎన్నింటికి, ఉదయం టిఫిన్ ఎన్నింటికి అని అడగండి. వంటమనిషి ఆరింటికి వెళ్లిపోవాలని ఐదున్నరకే భోజనం పెట్టేసి, మళ్లీ ఉదయం ఎనిమిదిన్నరకు ఇడ్లీ పెట్టే చోట్లు ఉన్నాయి. మధ్యలో పదిహేను గంటలు. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది ప్రాణం మీదికి వస్తుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడి, పలకకుండా పడి ఉంటే ముసలితనం అనుకుని వదిలేస్తారు. పడుకునే ముందు పాలో, రెండు బిస్కెట్లో ఇస్తున్నారా అన్నది తప్పక అడగాలి.

ఇక మెట్లు. మన కాలనీల్లో ఆశ్రమాలు చాలావరకు అద్దెకు తీసుకున్న మామూలు ఇళ్లు. ఒక్కటే మెట్ల దారి, దానికి ఇనుప గేటు, రాత్రి తాళం. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. బయటికి రావడానికి ఇరుకైన దారి ఒక్కటే ఉంది. అది పరుగెత్తగల మనుషులు కూడా ఉన్న ఇల్లు. నడవలేనివారిని రెండో అంతస్తులో ఉంచి కింద తాళం వేస్తే ఏమవుతుందో మళ్లీ చెప్పనక్కర్లేదు. తాళం చెవి రాత్రి ఎవరి దగ్గర ఉంటుంది, నడవలేనివారు ఏ అంతస్తులో ఉన్నారు, వంటగ్యాసు సిలిండర్లు ఎక్కడ పెట్టారు అన్న మూడు సంగతులు రాసుకోండి.

ఆశ్రమంలో ఉన్నవారి ఫోటోలు తీయకండి, వాట్సాప్‌లో అసలు పెట్టకండి. వాళ్లు ఒకప్పుడు టీచర్లు, గుమాస్తాలు, ఇల్లు నడిపిన తల్లులు. తమను అలా చూపించమని వాళ్లు అడగలేదు. అనుమతిస్తే గేటు, మెట్లు, మరుగుదొడ్డి ఫోటోలు చాలు.

గోడ మీద ఫ్రేములు

ఆఫీసు గదిలో ఫ్రేము కట్టిన పత్రాలు చూపిస్తారు. సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం అంటే ఆ సంస్థ కాగితం మీద ఉందని అర్థం, అంతే. ఆశ్రమం నడపడానికి అనుమతి కాదు. 80జీ పత్రం దాతలకు ఆదాయపన్ను మినహాయింపు కోసం. లోపల సంరక్షణ ఎలా ఉందో ఆ రెండూ చెప్పవు. మీరు అడగవలసినవి వేరే: జిల్లా వయోవృద్ధుల విభాగంలో నమోదైందా, ఆ కాగితం ఏది? వంటగదికి ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల నంబరు ఉందా? లాభం కోసం నడిపినా, నడపకపోయినా ఆహార భద్రత చట్టం వర్తిస్తుంది. సెలైన్లు ఎక్కిస్తూ రోగులను చూసుకుంటుంటే క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? మరణాల రిజిస్టరు కూడా అడగండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆ పుస్తకాన్ని వెంటనే తీసి చూపించే నిర్వాహకుల మీద నాకు నమ్మకం కలుగుతుంది.

అర్జీ రాసే తీరు

అన్నీ కలిపి ఒకే కాగితంలో రాయకండి. ‘ఆశ్రమం అధ్వానంగా ఉంది, చర్య తీసుకోగలరు’ అన్న అర్జీ ఏ బల్ల మీద పెట్టాలో గుమాస్తాకు తెలియదు. ఒక్కో కార్యాలయానికి ఒక్కో అర్జీ, అందులో ఆ కార్యాలయం చేయగలిగిన పని మాత్రమే. కార్పొరేషన్‌కు రాసేది ఇలా ఉంటే సరిపోతుంది:

‘డిప్యూటీ కమిషనర్ గారికి. ఫలానా వీధిలోని ఫలానా నంబరు ఇంటిని వృద్ధాశ్రమంగా నడుపుతున్నారు. ఫలానా తేదీ ఉదయం పదకొండు గంటలకు నేను స్వయంగా వెళ్లాను. మొదటి అంతస్తులో పన్నెండు పడకలు, ఒక్క మరుగుదొడ్డి ఉన్నాయి. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. కిందికి దిగే మెట్ల దారి ఒక్కటే. దాని గేటుకు రాత్రి తాళం వేస్తున్నట్టు సిబ్బంది చెప్పారు. టౌన్ ప్లానింగ్, పారిశుద్ధ్య, ఆహార భద్రత అధికారులతో తనిఖీ చేయించి, లోపాలను సరిచేయడానికి నిర్వాహకులకు గడువు ఇచ్చి, నివేదిక నకలు నాకు పంపవలసిందిగా కోరుతున్నాను.’

విశేషణాలు వద్దు. ‘దారుణం’, ‘అమానుషం’ అని రాస్తే చదివేవాళ్లు మీ కోపాన్ని చూస్తారు, మెట్లను చూడరు. ఆశ్రమంలో ఉన్న ఏ ఒక్కరి పేరూ రాయకండి. రాయక తప్పకపోతే వాళ్లను అడిగి రాయండి. మనం అర్జీ ఇచ్చి ఇంటికి వస్తాం, వాళ్లు ఆ రాత్రి అక్కడే పడుకోవాలి.

అర్జీ ఇవ్వడానికి సోమవారం మంచిది. కలెక్టరేట్‌లోనూ కార్పొరేషన్‌లోనూ ఆరోజు అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద తేదీతో ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేకుండా బయటికి రావద్దు. ‘మేం చూసుకుంటాంలే అమ్మా, మీరు వెళ్లండి’ అంటే, ‘చూసుకోండి నాయనా, నంబరు ఇస్తే వెళ్తాను’ అని కూర్చోండి. కార్పొరేషన్‌కు 040-21111111 నంబరులోనూ ఫిర్యాదు చేయవచ్చు. నీళ్లు, మురుగు అయితే జలమండలి 155313. కార్పొరేటర్ ఉంటే ఒక ప్రతి వారికీ ఇవ్వండి. పాలకమండలి గడువు ముగిసి ప్రత్యేకాధికారి ఉన్న కాలంలో ఆ ప్రతి ఆ అధికారికి వెళ్లాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. మొదటి అర్జీలోనే ‘ఆశ్రమాన్ని మూసివేయాలి’ అని అడగకండి. మూసేస్తే లోపలున్నవాళ్లంతా ఎక్కడికి వెళ్తారు? కొందరికి ఫోను ఎత్తే బంధువు కూడా ఉండరు. లోపం ఏమిటి, ఎప్పటిలోగా సరిచేయాలి అన్నదే అడగండి. అయినా మారకపోతే, మూసే ముందు వారిని ఎక్కడికి తరలిస్తారో చెప్పమని కలెక్టరును అడగండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో నిరుపేద వృద్ధులు కనీసం 150 మంది ఉండగలిగే ఆశ్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చు. మన జిల్లాలో అది ఎక్కడుంది, అందులో ఎన్ని పడకలు ఖాళీగా ఉన్నాయి అని అర్జీలోనే ప్రశ్న వేయండి.

దెబ్బలు, కట్టేయడం, తాళం వేసి బంధించడం కళ్లారా చూస్తే ఈ వరుస ఏదీ అక్కర్లేదు. అక్కడి నుంచే 100కో 112కో ఫోను చేయండి. తర్వాత 14567కు చెప్పండి. అది వయోవృద్ధుల కోసం పెట్టిన ఎల్డర్‌లైన్, ఉచితం, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు పనిచేస్తుంది. ఈ సేవ దేశమంతటికీ వెళ్లకముందు మొదలైంది మన హైదరాబాద్‌లోనే. పిల్లలు తిండి పెట్టకపోవడం, ఇల్లు రాయించుకుని వదిలేయడం వేరే దారి. వాటికి అదే చట్టం కింద ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. లాయరు అవసరం లేదు.

జవాబు రాకపోతే

నెల దాటాక సమాచార హక్కు దరఖాస్తు వేయండి. పది రూపాయల రుసుము. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి అదీ లేదు. ‘ఎందుకు తనిఖీ చేయలేదు?’ అని అడగకండి. ఎందుకు అన్నదానికి జవాబు చెప్పనక్కర్లేదని తప్పించుకుంటారు. కాగితాలు అడగండి: ‘ఫలానా ఇన్‌వార్డ్ నంబరు అర్జీ మీద ఏ తేదీన ఏ అధికారి ఏమి రాశారో ఆ ఫైలు నకలు. గత మూడేళ్లలో ఈ ఇంటి నంబరులో జరిగిన తనిఖీల నివేదికల నకళ్లు.’ ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రాణానికి సంబంధించిన సంగతి అయితే 48 గంటలు. రాకపోతే ముప్పై రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్. చాలాసార్లు ఆ దరఖాస్తు చేరిన వారంలోనే తనిఖీకి మనిషి బయలుదేరుతాడు. ఖాళీ ఫైలు నకలు ఇవ్వడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మీ వీధిలో ఒంటరిగా ఉన్నవారి కోసం కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. బస్తీ దవాఖానాలో బీపీ, షుగరు మందులు లేవంటే ఏ మందు, ఏ తేదీన లేదో రాసి జిల్లా వైద్యాధికారికి ఇవ్వండి. కార్పొరేషన్ ఐదు రూపాయల భోజనం పెట్టే చోటిదాకా నడవలేనివారి జాబితా తయారుచేసి, పొదుపు సంఘాలనూ నైట్ షెల్టర్లనూ చూసే కార్పొరేషన్ యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగానికి ఇచ్చి, ఏమి చేయగలరో అడగండి. పెద్దాసుపత్రుల్లో వృద్ధులకు వేరే వరుస ఉండాలని పైన చెప్పిన 2007 చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. లేకపోతే సూపరింటెండెంట్‌కు అర్జీ.

అధికారులు తనిఖీకి వచ్చి వెళ్లాక మీ పని అయిపోలేదు. వారం లోపు మళ్లీ వెళ్లండి, ఈసారి సాయంత్రం, దీపాలు పెట్టాక. గేటు తాళం, నీళ్ల గ్లాసు, రాత్రి ఆయాల సంఖ్య చూసి రాసుకోండి. మారినదాన్ని కూడా రాసి అదే అధికారికి పంపండి. కమ్మీలు బిగించారనో, నడవలేనివారిని కింది అంతస్తుకు మార్చారనో రాస్తే తర్వాతి అర్జీని వాళ్లు శ్రద్ధగా చదువుతారు. కాగితాలన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టి, నకళ్లు ఇద్దరి దగ్గర ఉంచండి. మా సంఘంలో ఒక ఫైలు నా దగ్గర, ఇంకోటి బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకరి దగ్గర ఉంటుంది. మాలో ఎవరైనా ఆరు నెలలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినా అప్పీలు గడువు దాటిపోదు.